రెండు సవరాలు

ఫారంలో రెండు గళ్ళు ఉన్నాయి. ఒకదాని పక్కన బార్బరింగ్ అని, ఇంకోదాని పక్కన హెయిర్ స్టైలింగ్ అని రాసి ఉంది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఇంత చిన్న పనికి మా ఇంట్లో నాలుగు వారాలు పట్టింది. ఈలోగా ఒక గుమ్మడికాయకు గుండయింది, ఒక పసివాడికి గుండయింది, మా ఆయన ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఒక అబద్ధానికి కూడా గుండయింది.

అప్పుడు మేము సింగపూర్‌లో, బిషాన్ అనే పేటలో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేర్ పని. ఏ విమానం వాలినా అందులోంచి మనవాళ్ళు భుజాన ల్యాప్‌టాప్ సంచీలతో దిగుతున్న రోజులవి. పొద్దున ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు దిగితే అమీర్‌పేటలో బస్సు దిగినట్టే ఉంటుందని ఆయన నవ్వేవాడు. అక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పాప బడికి వెళుతోంది, నాకు మధ్యాహ్నాలు మిగిలాయి. అప్పటికే మా బ్లాకులో సగం మంది ఆడవాళ్ళ జుట్టు నా చేతి కిందికి వచ్చి వెళ్ళింది. ఊరికే చేస్తే కాలక్షేపం, సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం అనుకుని, ఒక హెయిర్ అకాడమీకి వెళ్ళి ఫారం తెచ్చుకున్నాను.

అకాడమీ నడిపేది, పాఠం చెప్పేది కూడా ఒక చైనీస్ ఆంటీయే. "ఫస్ట్ త్రీ వీక్ ఎవ్రీబడీ సేమ్ సేమ్. వీక్ ఫోర్, యూ చూజ్. ఆఫ్టర్ దట్ కెనాట్ చేంజ్ అహ్" అని చెప్పింది. గళ్ళ కింద ఒక ఖాళీ గీత కూడా ఉంది. ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారో అక్కడ రాయాలి.

నేను మంగలి బిడ్డను. కరీంనగర్ వైపు మాది చిన్న ఊరు. మా బాపు వాడుక ఇళ్ళకు తిరిగి గడ్డాలు గీసేవాడు, తలలు చేసేవాడు. అమ్మ ఆడవాళ్ళు దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు తెప్పించుకుని, కడిగి, చిక్కు తీసి, జడలో పెట్టుకునే సవరాలు అల్లేది. మా ఊళ్ళో క్షవరం అనే మాటకు ఎవరికీ నోరు తిరగదు, దాన్నీ సవరమే అంటారు. కాబట్టి మా ఇంట్లో బాపు చేసేదీ సవరమే, అమ్మ అల్లేదీ సవరమే. ఒకటి జుట్టు తీసే సవరం, ఒకటి జుట్టు పెట్టే సవరం. ఎవరైనా గడపలోకి వచ్చి "సవరం గావాలె" అంటే, మగగొంతా ఆడగొంతా అన్నదాన్ని బట్టి బాపో అమ్మో లేచి వెళ్ళేవారు. సింగపూర్ ఫారంలో ఆ రెంటికీ రెండు గళ్ళు చూసినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది.

మా ఇంట్లో మగపిల్లలు లేరు. ఉంటే బాపు నాకు కత్తి ఇచ్చేవాడా అంటే, ఇచ్చేవాడు కాదు. నిజం చెప్పుకోవాలి. లేరు కాబట్టి, పైగా నేను మొండిదాన్ని కాబట్టి, ఇచ్చాడు. మనిషి తల ముట్టనివ్వడానికి ముందు బూడిదగుమ్మడి పిందె ఇచ్చాడు. లేత పిందె మీద ఒళ్ళంతా నూగు ఉంటుంది. కత్తితో ఆ నూగంతా తీయాలి, పచ్చటి తోలు మీద మాత్రం గీత పడకూడదు. గీత పడిందా, అక్కడ సన్నగా నీరు ఊరుతుంది. బాపు బొటనవేలితో తడిమి చూసేవాడు.

"కాయ ఏడ్సింది. మల్ల జెయ్యి" అనేవాడు.

ఒక వానాకాలమంతా నా చేతిలో కాయలు ఏడ్చాయి. తర్వాత ఏడవడం మానేశాయి. అప్పుడుగానీ నన్ను ఒక ముసలితాత గడ్డం దగ్గరికి రానివ్వలేదు. బాపు పోయాక ఆయన అడపం నాకు వచ్చింది. కత్తులు, సాన, కత్తెర, చిన్న గిన్నె పట్టే తోలుసంచి అది. నాతో పాటు సముద్రం దాటి, బిషాన్‌లో చీరల కింద అరలో కూర్చుంది.

మా ఆయనదీ మా కులమే. వాళ్ళ నాన్నదీ ఇదే పని. వాళ్ళ ఊళ్ళో మా వాళ్ళలో ఎంసీఏ చేసిన మొదటివాడు ఆయన. సింగపూర్‌లో తెలుగువాళ్ళు కలిసినప్పుడు, ఇంత చదువుకుని నోరు తెరిచి కులం అడిగితే బాగుండదని అందరికీ తెలుసు. అందుకని "మీ ఫాదర్ ఏం జేస్తరు?" అని అడుగుతారు. మా ఆయన "మాది బిజినెస్ ఫ్యామిలీ" అనేవాడు. ఏం బిజినెస్ అంటే "చిన్నదే, ఊళ్ళె" అని, ప్లేటు పట్టుకుని ఇంకాస్త బిర్యానీ కోసం లేచిపోయేవాడు. ఆ ప్రశ్న పుణ్యమా అని ఆయనకు పొట్ట వచ్చిందని నేను వెక్కిరించేదాన్ని. ఎవరైనా కటింగ్ మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి గడ్డం మీదికి పోయేది.

మా ఇంట్లో ఫారాలన్నీ ఆయనే నింపుతాడు. అచ్చువేసినట్టు పెద్దక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. ఆ రోజు కూడా పెన్ను తీసుకుని నా పేరు, పాస్‌పోర్టు నంబరు రాసి, తిన్నగా స్టైలింగ్ గడి దగ్గరికి వెళ్ళాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"గది నేను పెడ్త" అన్నాను.

"అయితే బార్బర్ అని పెడ్తవా? ఇక్కడి దాక వచ్చి?"

"ఏం, ఇక్కడోళ్ళకు గడ్డాలు మొల్వయా?"

ఆయన నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, దాన్నే చూస్తూ చెప్పాడు. "నీకు తెల్వదు. హాస్టల్ల మూడేండ్లు నన్ను పేరు వెట్టి పిలిచినోడు లేడు. నేను మెస్సులకు వోతే ఒకడు గడ్డం ముందలికి వెట్టేటోడు, ఇంకోడు పళ్ళెం మీద చెంచ నూరేటోడు. రేపు బిడ్డకు గట్ల గావద్దు. స్టైలింగ్ అంటే మీ అమ్మ పనే అనుకో. అదీ సవరమే గదా."

పెళ్ళయి అన్నేళ్ళయినా ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. ఆ చెంచా నూరినవాళ్ళ మీద వచ్చింది. ఇన్నాళ్ళు దాచినందుకు ఈయన మీద కూడా వచ్చింది. అన్నిటికంటే, మా అమ్మ సవరాన్ని అడ్డం పెట్టుకుని బాపు సవరాన్ని దాచమంటున్నందుకు వచ్చింది. అయినా గళ్ళు రెండూ ఖాళీగానే ఉంచి ఫారం ఇచ్చి వచ్చాను. మా ఆయన మాత్రం నేను టిక్కు పెట్టేసినట్టే, ఆఫీసులో అందరికీ "మా ఆమె హెయిర్ స్టైలింగ్ నేర్చుకుంటున్నది" అని ధీమాగా చెప్పేశాడు.

క్లాసులో బొమ్మ తలలకు జుట్టు ఉంగరాలు తిప్పడం నేర్పారు. బాగా చేశాను, అబద్ధమెందుకు. ఆంటీ నా పని చూసి "వెరీ నైస్, వెరీ నీట్" అంది. కానీ ఇంటికి వచ్చి పడుకుంటే నా కుడిచెయ్యి ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఉండేది. మూడో వారంలో బిషాన్ మార్కెట్‌లో కూరగాయల బల్ల మీద, నేను ఊరు విడిచాక మళ్ళీ చూడని పిందె కనబడింది. ఒళ్ళంతా నూగు. అచ్చం మా బూడిదగుమ్మడి పిందె. కూరగాయలమ్మే ఆమె "దిస్ వన్ హెయిరీ అహ్, మస్ట్ పీల్" అని జాగ్రత్త చెప్పింది. నాకు కావలసింది ఆ వెంట్రుకలే అని ఆమెకేం తెలుసు!

ఇంటికి వచ్చి, అడపం తీసి, కత్తి నూరి, పిందెను ఒళ్ళో పెట్టుకున్నాను. బడి నుంచి వచ్చిన పాప సంచీ అయినా దించకుండా నిలబడిపోయింది.

"అమ్మా, వెజిటబుల్‌కి హెయిర్‌కట్టా? సో ఫన్నీ లా!"

పని లేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. నేను ఇంకో మెట్టు దిగి కాయ తల గొరుగుతున్నాను. అయిపోయాక బొటనవేలితో అంతా తడిమాను. ఎక్కడా తడి లేదు. నా కళ్ళలో తప్ప. ఆ కాయను రాత్రికి పులుసు పెడితే మా ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. తోలు ఇంత నున్నగా ఎలా ఉందని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వారం ఆదివారమే మా ఆయన టీమ్ లీడు కొడుక్కి పుట్టువెంట్రుకలంటే మేమూ వెళ్ళాం. వాళ్ళదీ మా జిల్లాయే, బిషాన్‌లోనే మా బ్లాకు ఎదురుగా కాండో అపార్టుమెంట్లలో ఉంటారు. పిల్లవాడికి పదకొండో నెల. ఏడాది దాటితే మూడో ఏడు వరకు ఆగాలి. ఆఫీసులో సెలవు దొరక్క ఊరికి వెళ్ళలేకపోయారు. అందుకని పిల్లవాడి నాయనమ్మ ఊరి నుంచి వచ్చి, దేవుడికి ముడుపు కట్టి, ఇక్కడే చేయిద్దామంది. మేనమామ మలేషియాలోని పెనాంగ్ నుంచి బస్సులో వచ్చాడు. పదిన్నరలోపు ముహూర్తం. లిటిల్ ఇండియాలో కటింగ్ షాపున్న ఒక తమిళాయన వస్తానని ఒప్పుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ఆ తమిళాయన ఫోన్ చేశాడు. ఆదివారం మన దేశం నుంచి కూలికి వచ్చినవాళ్ళందరికీ సెలవు, షాపులో ఇసకేస్తే రాలనంత జనం, సాయంత్రం దాకా కదలలేనన్నాడు. మేనమామ ఉన్నాడు, పళ్ళెం ఉంది, కొబ్బరికాయ ఉంది, మంగలి లేడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుండగా పిల్లవాడి తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, మీరు హెయిర్ స్టైలింగ్ నేర్చుకుంటున్నరట గదా! మీరు చెయ్యరా, ప్లీజ్!"

మా ఆయన ఊరంతా చెప్పుకున్న అబద్ధం తిరిగి తిరిగి మా గడపకే వచ్చింది. నేను ఆ 'ప్లీజ్' దగ్గరే ఆగిపోయాను. మా బాపు ఎన్ని వందల పసితలలు చేశాడో. ఆయనను ఎవరూ ఆ మాటతో అడగలేదు. 'రమ్మన్నరు' అని కబురు వచ్చేది, అంతే. స్టైలిస్టును బతిమాలతారు, మంగలిని పిలిపిస్తారు.

"చేస్త. సామాను తెచ్చుకుంట" అన్నాను.

మా ఆయన నా వెనకే వచ్చాడు. ఇంట్లో నేను చీరల అర తెరవగానే అన్నాడు.

"నా ట్రిమ్మర్ ఉన్నది గదా. దాంతోని కానియ్యి. అడపం దియ్యకు."

"పసిపోరని మాడు మీద మిషిన్ ఎట్ల పెడ్త?"

"ఆ ముసలామె ఊరి మనిషి. అడపం జూస్తే గుర్తువడ్తది."

"గుర్తువట్టనీ" అన్నాను. ఆయన తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు. నేను అడపం చంకన పెట్టుకుని ఎదురుగా వెళితే పక్కకు జరిగాడు.

వాళ్ళింటికి తిరిగి వచ్చి, కత్తిని మరిగిన నీళ్ళలో ముంచి, ఆంటీ నేర్పినట్టు స్పిరిట్‌తో తుడిచాను. ఆమె నేర్పిన మంచి అది, దాన్ని వదలను. మిగతాదంతా బాపుదే. మేనమామ మూడు కుచ్చులు కత్తిరించి పళ్ళెంలో వేశాడు. నేను పిల్లవాడి తల మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, అరచేత్తో మెల్లగా, సుడి నుంచి చెవుల వైపు రుద్దుతూ పోయాను. అలా రుద్దితే వెంట్రుక మెత్తబడుతుంది, పిల్లవాడికి చెయ్యి అలవాటవుతుంది. వాడు మొదట గింజుకున్నాడు. తర్వాత నోట్లో వేలు పెట్టుకుని తల్లి భుజం మీద బరువుగా వాలిపోయాడు. మాడు మీద మెత్తటి చోట నాడి కొట్టుకుంటోంది. అక్కడ బాపు ఊపిరి బిగబట్టి, కత్తిని దాదాపు పడుకోబెట్టేవాడు. నేనూ పడుకోబెట్టాను.

చివరి వెంట్రుక పళ్ళెంలో పడ్డాక, గుండు మీద బొటనవేలు వేసి అంతా తడిమాను. ఎక్కడా తడి లేదు. కాయ ఏడవలేదు. నా జన్మలో అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు, పదో తరగతి పాసైనప్పుడు కాదు, పీఆర్ వచ్చినప్పుడు కాదు.

నాయనమ్మ దగ్గరికి వచ్చి నా చేతినీ, పక్కన తెరిచి ఉన్న అడపాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎవల బిడ్డవే నువ్వు? ఇది ఇస్కూల్ల నేర్సిన చెయ్యి గాదు."

మా ఆయన బాల్కనీ తలుపు దగ్గర ఉన్నాడు. ఆయన చెయ్యి గడ్డం మీదికి పోవడం చూశాను. అయినా చెప్పాను.

"మంగలోళ్ళ బిడ్డనమ్మా. మా బాపు నేర్పిండు."

నాయనమ్మ లోపలికి వెళ్ళి స్టీలు పళ్ళెంలో బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, కొత్త తువ్వాలు పెట్టుకుని వచ్చింది. వంగి, పళ్ళెం నేల మీద పెట్టి, వేళ్ళతో నా వైపు జరిపింది. చెడు బుద్ధితో కాదు. డెబ్బై ఏళ్ళుగా ఆమె చెయ్యి అలాగే పోయింది, ఆ రోజూ అలవాటుగా పోయింది. మా బాపు అలాంటి పళ్ళేలు వంగి తీసుకోవడం నేను చూశాను. నేను వంగలేదు.

"కిందికెల్లి తీస్కోనమ్మా. చేతికియ్యుండ్రి" అన్నాను.

నా గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పిల్లవాడి తల్లి ముఖం ఎర్రబడింది. నాయనమ్మకు నా మాట అర్థమైందో లేదో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడింది. మళ్ళీ వంగడం ఆమె వల్ల కాలేదు. అప్పుడు మా ఆయన బాల్కనీ దగ్గర నుంచి వచ్చాడు. పళ్ళెం నేల మీద నుంచి తీసి, నాకు ఇవ్వలేదు, ఆ పెద్దావిడ చేతుల్లో పెట్టాడు.

"ఇప్పుడియ్యవ్వా. ఆమె చేతికియ్యి" అన్నాడు.

పెద్దావిడ ఆయనను చూసింది, నన్ను చూసింది. తర్వాత రెండు చేతులతో పళ్ళెం నా చేతుల్లో పెట్టింది.

"మంచి చెయ్యి బిడ్డా. పోరడు కుయ్యిమనలే" అంది.

ఆ పూట భోజనాల దగ్గర మా ఆయన ప్లేటు పట్టుకుని ఎటూ లేచిపోలేదు. ఎవరైనా అడుగుతారేమోనని ఎదురు చూస్తున్నవాడిలా నడుమ కూర్చుని తిన్నాడు. ఎవరూ అడగలేదు.

మర్నాడు నాలుగో వారం మొదటి రోజు. ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, మా ఆయన నాతో పాటు అకాడమీకి వచ్చాడు. ఆంటీ ఫారం బయటికి తీసింది. నేను బార్బరింగ్ గడిలో టిక్కు పెట్టాను. అమ్మ మీద చిన్నచూపుతో కాదు. అమ్మ సవరం అల్లడానికి నాకు చేతులు ఉన్నాయి గానీ, బాపు సవరం చేయడానికి నాకు చెయ్యి ఉంది. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని "ష్యూర్ అహ్? లేడీ బార్బర్?" అంది. ష్యూర్ అన్నాను.

కింద గీత మిగిలింది. ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు? నా ఇంగ్లీషుకు ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. తొందరపడకుండా, అచ్చువేసినట్టు పెద్దక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు.

ఫ్యామిలీ బిజినెస్.